మర దారి మీద పసుపు గుర్తు

విచారణ ముగియడానికి ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా సోలాంజ్ మేయరాఫీసు మెట్లెక్కింది. చంకలో లావుపాటి పుస్తకాలు మూడు. విచారణ అధికారి అప్పటికే పెన్నుకి మూత పెట్టేసి, గోడకున్న కోటు వైపు చూస్తున్నాడు. పదిహేను రోజులుగా ఆయన ముందు తెరిచి ఉన్న రిజిస్టరులో ఒక్క అక్షరం పడలేదు. పడటానికి ఏముంది? బ్రెజాక్ ఊళ్లో పిండిమరని ఆనుకుని సెలే నదికి దిగే పాత దారి ఒకటుంది. ఎవరూ నడవని దారి కాబట్టి దాన్ని మర యజమాని ఫిర్మన్ దెల్పెష్‌కి అమ్మేద్దామని ఊరి సభ అనుకుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి రాయమని నోటీసు అంటించారు. అభ్యంతరం ఎవరికుంటుంది?

సోలాంజ్ కావాలనే చివరి రోజు దాకా ఆగింది. ముందే వస్తే ఫిర్మన్‌కి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అతనికి వ్యవధి ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు.

"ఏమనుకోకండి మేడమ్, ఆ దారి నేను స్వయంగా చూసొచ్చాను," అన్నాడు అధికారి. "గేటుకి గొలుసు, తాళం. అవతల ఆయన రాతి అరుగు. అక్కడ నడిచేదెవరు చెప్పండి?"

"నేను," అంది సోలాంజ్. "మొన్న నవంబరు పదకొండున నడిచాను. అంతకుముందు నవంబరు పదకొండున కూడా. అలా ఇరవై తొమ్మిదిసార్లు."

"ఒక్కరే నడిస్తే ప్రజలు వాడే దారి అనిపించుకోదండీ."

"ఒక్కదాన్నే అని నేను అన్నానా?"

పుస్తకాలు మేజా మీద పెట్టింది. అవి ఆమె బస పుస్తకాలు. లోయలో నడవడానికి వచ్చేవాళ్లు సోలాంజ్ ఇంట్లో రాత్రికి దిగుతారు, తెల్లారి వెళుతూ ఆ పుస్తకంలో నాలుగు మాటలు రాసి, పేరూ ఊరూ వేసి పోతారు. అలాంటి పుస్తకాలు ఎవరూ చదవరు. అధికారి మాత్రం కాగితం గుర్తులు పెట్టిన చోటల్లా తెరిచి చదివాడు. లీల్ నుంచి వచ్చిన మాస్టారొకాయన రాశాడు, మేడమ్ మమ్మల్ని మర గేటు పక్క గోడ ఎక్కించి నదికి తీసుకెళ్లింది, నా ప్యాంటు చిరిగింది, అక్రోటు కేకు మాత్రం అద్భుతం అని. ఒక ఏడాది ఎవరూ దిగకపోతే ఊరికి బదిలీ మీద వచ్చిన టపా అమ్మాయిని పట్టుకెళ్లింది. ఒక ఏడాది చీలమండ విరిగితే చంక కర్రలతో వెళ్లింది. ఆ ఏడు సంతకం చేసింది డెబ్భై ఏళ్ల సన్యాసిని. "ఆమె గోడ ఎక్కుతుంటే నేను కర్రలు పట్టుకున్నాను, దేవుడు క్షమించుగాక" అని రాసింది.

"ప్రతి ఏడూ నవంబరు పదకొండే ఎందుకండీ?" అన్నాడు అధికారి. అతను పట్నం మనిషి.

"యుద్ధం ముగిసిన రోజు కదా, పదకొండింటికి ఊరు ఊరంతా యుద్ధ స్మారకం దగ్గర ఉంటుంది. జెండా పట్టుకునేది ఫిర్మనే. మేయరు గారు చనిపోయినవాళ్ల పేర్లు చదివినంతసేపూ వాడు కదలడానికి వీల్లేదు."

అధికారి నవ్వు ఆపుకుంటూ పెన్ను మూత తీశాడు.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఊరు సోలాంజ్‌ని ఆడిపోసుకుంటూనే ఉంది. అమరులకి దండం పెట్టడానికి రాని మనిషి, పొగరు, అని. ఆమె ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. అసలు సంగతి చెప్పి నోరు మూయించడం ఆమెకి క్షణం పని. కానీ చెబితే పగ పలచబడిపోతుంది.

ఆ పగ సంగతి ఇదీ.

సోలాంజ్ బస నుంచి మూడు వందల అడుగులు దిగితే మర వస్తుంది. అక్కడ కొండరాయికీ మర గోడకీ మధ్య ఒక బండి పట్టేంత సందు. దారి ఆ సందులోంచి దూరి, వంటింటి పక్కనుంచి వంపు తిరిగి, మెట్ల మీదుగా నదికి దిగి, రాళ్ల మీదుగా దాటి, అవతలి అక్రోటు తోటలోకి పోతుంది. ఆ తోట సోలాంజ్ భర్త ఎలోయ్‌ది. లోయలో నడకదారులకి పసుపు గుర్తులు వేసేది కూడా ఎలోయే. జీతం లేని పని. డబ్బా, కుంచె, పాచి గీకే ఇనుప బ్రష్షు సంచిలో వేసుకుని బయల్దేరితే సాయంత్రానికి చెవుల దాకా పసుపు పూసుకుని వచ్చేవాడు.

తొంభై నాలుగు మే నెలలో ఫిర్మన్ ఆ సందుకి పాత ఇనుప గేటు బిగించి గొలుసు వేశాడు. నడకవాళ్లు తన చెర్రీలు కోసుకుంటున్నారని అతని గోల. నాలుగు చెర్రీల కోసం ముత్తాతల నాటి దారి మూసేశాడు. ఇక తోటకి పోవాలంటే వంతెన మీదుగా నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ఎలోయ్ మెత్తని మనిషి, "వాడి కోపం చలికాలానికి చల్లారుతుందిలే" అన్నాడు. సోలాంజ్ అలా ఊరుకునే రకం కాదు. మధ్యాహ్నం గిన్నెలు కడగడం కాగానే, సరిగ్గా మూడింటికి, ఫిర్మన్ కునుకు తీసే వేళ చూసి, గేటు దగ్గరికి వెళ్లి గొలుసు పట్టుకుని ఊపేది. ఎడాపెడా ఊపేది. నిద్ర చెడి అతను కిటికీలోంచి తిడుతుంటే ఆమెకి అన్నం అరిగేది. మే, జూన్, జూలై అలాగే గడిచాయి.

ఆగస్టు పదిహేను చర్చి పండగ. ఆ రోజు బసలో ఇరవై రెండు మంది దిగారు. సోలాంజ్‌కి ఊపిరి తీసుకునే తీరిక లేదు. కాయల బరువుకి వంగిన కొమ్మలకి ఊతకర్రలు పెట్టొస్తానని ఎలోయ్ తోటకి వెళ్లాడు. సాయంత్రం ఐదింటికి వంతెన దగ్గర చేపలు పట్టేవాళ్లకి దారి పక్కన పడి కనిపించాడు. గుండె. అతనికి నలభై ఒకటో ఏడు.

రాత్రి శవానికి స్నానం చేయిస్తుంటే సోలాంజ్ అతని అరచేతులు చూసింది. రెండు అరచేతులకీ ఎర్రగా తుప్పు. పసుపు రంగు తెలుసు ఆమెకి ఆ చేతుల మీద, తుప్పు తెలియదు. తుడుస్తుంటేనే అర్థమైంది. నొప్పి మొదలవగానే ఇంటికని గేటు దాకా వచ్చాడు. ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో నిలబడి ఇనుప కడ్డీలు పట్టుకుని ఊపాడు. ఎవరూ తీయలేదు. వెనక్కి తిరిగి ఆ గుండెతోనే వంతెన వైపు నడిచాడు.

పూడ్చిన మర్నాడు మరకి వెళ్లి గుమ్మంలో నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నావా?"

"నిద్రపోతున్నా. ఏమీ వినలేదు," అన్నాడు ఫిర్మన్, ఆమె కళ్లలోకి చూడకుండా.

అప్పటి మేయరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఫిర్మన్‌కి పిల్లనిచ్చిన మామ. "నీ బాధ అర్థమైంది గానీ సోలాంజ్, ఇప్పుడు ఆ దారిన నడిచేదెవరు?" అన్నాడు. పాపం, ఏం చేతిలో పెడుతున్నాడో ఆయనకి తెలియదు. ఆ మాటే పట్టుకుని సోలాంజ్ ఇంటికొచ్చింది. నడిచేవాళ్లున్నంత కాలం దారి ఊరిదే. సరే, నడుద్దాం.

అప్పుడే బయటపెట్టి ఉంటే ఫిర్మన్‌కి పోయేది ఒక గేటు. ఆమెకి అది చాలలేదు. పోగొట్టుకోవడానికి అతనికి ఇంకా ఏదైనా ఉండాలి. కాబట్టి కాచుకుని కూర్చుంది. ఫిర్మన్ ఆ దారి మీద రాతి అరుగు కట్టాడు. అరుగు మీద పందిరి వేసి ద్రాక్ష పాకించాడు. వంటిల్లు పెద్దది చేసి గుమ్మం అరుగు మీదికి తిప్పుకున్నాడు. భార్య పోయాక అతని బతుకంతా ఆ అరుగు మీదే. ఒక్కో రాయి పడుతుంటే సోలాంజ్ తన పెరట్లోంచి చూసి సంతోషించింది. ఎలోయ్ కుంచె తను తీసుకుని లోయ దారులకి గుర్తులు వేయడం మొదలుపెట్టింది. ఫిర్మన్ ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకుని పోయేది. బ్రెడ్డు దుకాణంలో పక్కపక్కనే నిలబడినా నమస్కారంగా ఒక బోంజూర్ అనేది కాదు. మా వైపు బోంజూర్ అనకపోవడం చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువ.

విచారణ అధికారి నివేదిక ఏప్రిల్‌లో వచ్చింది. దారి వాడుకలోనే ఉంది, అమ్మకూడదు, తెరవాలి. ఊరి సభ గొణుక్కుంటూ సరేనంది. కొత్త మేయరు మ్యురియెల్ నడివయసు మనిషి, మంచిది, అందరికీ మంచి చేద్దామనుకుంటుంది. నక్షా పట్టుకుని సోలాంజ్ వంటింటికి వచ్చింది.

"సోలాంజ్ గారూ, నా మాట కాస్త వినండి. కొండరాయి వెనకనుంచి కొత్తగా దారి తీద్దాం. ఇరవై మీటర్ల తేడా, అంతే. నడకవాళ్లకీ బాగుంటుంది, ఆయన అరుగూ దక్కుతుంది. పెద్దాయన, ఒంటరివాడు."

"ఒంటరితనం గురించి నాకు చెప్పకమ్మాయ్. నక్షాలో గీత ఎక్కడుంది?"

మ్యురియెల్ తలవంచుకుని వేలు పెట్టి చూపించింది. గీత అరుగు నట్టనడుమ నుంచి, భోజనం బల్లకీ వంటింటి గుమ్మానికీ మధ్య నుంచి పోతోంది.

"అక్కడే పోనీ," అంది సోలాంజ్. "కాఫీ తాగి వెళ్లు."

మే మొదటివారంలో గొలుసు విప్పారు. గేటు రెక్క గోడకి ఆనించారు. గేటు స్తంభం మీద సోలాంజ్ పసుపు గీత వేస్తుంటే ఫిర్మన్ పందిరి కింద చేతులు కట్టుకుని చూశాడు. ఆమె గీత తిన్నగా, బెత్తెడు పొడవున వేసి, రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని, పక్కన చుక్క పడితే గుడ్డతో తుడిచింది.

ఇక వేసవి వచ్చింది. మా నడకదారుల్లో ఎదురైన ప్రతి మనిషికీ బోంజూర్ చెప్పాలి, చెప్పించుకున్నవాడు తిరిగి చెప్పాలి. పిల్లలకి నడక కన్నా ముందు నేర్పేది అదే. ఫిర్మన్ ఎంత మొండివాడైనా ఆ పెంపకం లోంచి బయట పడలేడు. పొద్దున ఎనిమిదింటికి కాఫీ గిన్నె ఎత్తితే బోంజూర్. దించితే బోంజూర్. స్కూలు పిల్లల గుంపు వస్తే నలభై బోంజూర్లు. సూపు తాగి, అడుగున మిగిలిన దాంట్లో కాస్త వైను పోసుకుని పళ్లెం రెండు చేతులతో ఎత్తి తాగుతుంటే, చూడండి చూడండి పాత పద్ధతి అంటూ ఫోటోలు తీశారు. బల్ల లోపలికి జరుపుకుందామంటే వంటిల్లు చీకటి. బయట కూర్చుంటే జాతర. జూలైకల్లా అతను ముఖం మాడ్చుకుని, తల ఎత్తకుండా, గడియారంలా బోంజూర్ బోంజూర్ అంటున్నాడని బ్రెడ్డు దుకాణంలో చెప్పుకున్నారు.

సోలాంజ్ విని ఇంటికొచ్చి ఎలోయ్ ఫోటో ముందు కూర్చుని కడుపారా నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు. ఆమెకీ తెలుసు. ఇరవై తొమ్మిదేళ్లు వండిన వంటకం కదా, ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చూసుకోకుండానే తినేసింది. ఆ వేసవి ఆమె నడకవాళ్లకి ప్రత్యేకంగా చెప్పి పంపింది. "మర దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు. చెవులు కాస్త మందం. గట్టిగా పలకరించండి."

సెప్టెంబరు రెండో వారంలో ఫిర్మనే బస తలుపు తట్టాడు. టోపీ చేతిలో ఉంది. మనిషి సగమయ్యాడు.

"వంటింట్లోకి వచ్చేస్తున్నారు," అన్నాడు, పలకరింపు లేకుండా. "దారి వంపు తిరిగే చోట గుమ్మం ఎదురుగా కనపడుతుంది. అదే దారనుకుని దూరిపోతున్నారు. నిన్న స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వస్తే ఎవరో ఇద్దరు నా కుర్చీల్లో కూర్చుని భోజనం ఏముందని అడిగారు. నీ బస అనుకున్నారట."

సోలాంజ్ పెదవి కొరుక్కుంది.

"దానికేదో గుర్తుంటుందటగా," అన్నాడు.

"ఉంటుంది. ఇటు కాదు అని చెప్పే గుర్తు. ఇంటూ గుర్తు. అడ్డంగా రెండు గీతలు."

"అది వెయ్యి."

"తలుపు మీద వెయ్యాలి మరి. నీ ఇంటి తలుపు. నీ సంతకం కావాలి."

"ఇవ్వు, పెడతా."

అక్కడే, ఆమె వంటింటి బల్ల మీద, సంతకం పెట్టాడు. తన ఇంటి తలుపు మీద తప్పు దారి అని రాయించుకోవడానికి తనే అడుక్కుని సంతకం పెట్టాడు. ఇంతకన్నా ఏం కావాలి? మర్నాటి దాకా ఆగుదామనుకోలేదు సోలాంజ్. సంచి భుజాన వేసుకుని అతని వెనకే మూడు వందల అడుగులూ దిగింది.

మధ్యాహ్నం. అరుగు మీద పందిరి నీడ. ద్రాక్ష పండి కందిరీగలు మూగుతున్నాయి. ఆమె తలుపు దుమ్ము ఇనుప బ్రష్షుతో గీకింది. డబ్బా మూత తీసి, "పట్టుకో," అంది. ఫిర్మన్ డబ్బా పట్టుకున్నాడు. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకి ఆమె మొదటి గీత గీసింది. కుంచె మళ్లీ ముంచడానికి తిరిగింది.

"ఆ రోజు నేను నిద్రపోలేదు," అన్నాడు ఫిర్మన్.

సోలాంజ్ కుంచె డబ్బాలోనే ఉండిపోయింది.

"గొలుసు చప్పుడు విన్నాను. చాలాసేపు విన్నాను."

"విని?"

"నువ్వనుకున్నాను."

కందిరీగ ఒకటి డబ్బా అంచు మీద వాలింది. అతను దాన్ని తోలలేదు.

"రోజూ మూడింటికి వచ్చి ఊపేదానివి నువ్వేగా. మే నుంచి ఒక్క రోజు మానలేదు. ఆ రోజు కూడా సరిగ్గా మూడింటికే మోగింది. దీనికి పండగ రోజు కూడా పని లేదా అనుకుని, దిండు చెవుల మీద వేసుకుని పడుకున్నాను. ఇంకొకరెవరైనా అనుకుంటే లేచేవాణ్ణి. లేచి తిట్టడానికైనా వచ్చేవాణ్ణి."

"నేను ఆ రోజు రాలేదు," అంది సోలాంజ్. అది అతనికి చెబుతున్నట్టు లేదు.

"తర్వాత తెలిసింది. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? అప్పుడు నీ ముఖం నువ్వు చూసుకోలేదు. నన్ను తిట్టుకుంటేనైనా బతుకుతుందిలే అనుకున్నా." ఫిర్మన్ డబ్బాని రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "చచ్చేదాకా చెప్పకూడదనే అనుకున్నా సోలాంజ్. గోడ ఎక్కి పోతున్నావని నాకు మూడో ఏడే తెలుసు. జెండా పట్టుకుని నిలబడి, ఇప్పుడు గోడ దిగుతూ ఉంటుంది అనుకునేవాణ్ణి. పోనీలే, దాని హక్కు, అనుకున్నా. కానీ ఈ వేసవి నా కూడు కూడా తిననివ్వలేదు నువ్వు. రోజుకి మూడు వందల మంది. నేనెందుకు ఒక్కణ్ణే మొయ్యాలి?"

అతని గొంతులో జాలి లేదు. ఆమెకి దెబ్బ తగిలిందో లేదో చూసుకుంటున్న మనిషి కళ్లు అవి. ఆ చూపు సోలాంజ్ ఎరగనిది కాదు. వేసవంతా తన అద్దంలో చూసిందే.

నది వైపు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వీపు సంచులతో మొగుడూ పెళ్లాం పైకొచ్చారు. తలుపు మీద ఒంటి పసుపు గీత చూసి ఆగారు.

"బోంజూర్. ఇటేనాండీ దారి?" అన్నాడు ఆయన, తలుపు వైపు చూపిస్తూ.

"బోంజూర్," అన్నాడు ఫిర్మన్.

"బోంజూర్. ఇటు కాదు," అంది సోలాంజ్. "గేటు లోంచి పైకి వెళ్లండి. ఇప్పుడే వేస్తున్నా గుర్తు."

వాళ్లు వెళ్లేదాకా ఆగింది. తర్వాత కుంచె ముంచి, డబ్బా అంచుకి రెండు వైపులా ఒత్తి, రెండో గీత గీసింది. మొదటి దానికన్నా తిన్నగా వచ్చింది. వెనక్కి వెళ్లి చూసుకోలేదు.

"ఎన్నాళ్లుంటుంది?" అన్నాడు ఫిర్మన్.

"నాలుగేళ్లు. వెలిసిపోతే మళ్లీ వచ్చి వేస్తాను."

కుంచె గుడ్డలో చుట్టి, డబ్బా అతని చేతిలోంచి తీసుకుని మూత బిగించింది. సందు దగ్గరికి వచ్చి, గోడకి ఆనించిన గేటు కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గొలుసు ఇంకా దానికే వేలాడుతోంది, ఎవరూ తీసి పారేయలేదు. ఆమె బరువుకి గేటు కదిలి, గొలుసు మోగింది. వంటింటి తలుపు దగ్గర ఫిర్మన్ తలెత్తి చూశాడు.

సోలాంజ్ చేతులు తీసేసి చూసుకుంది. పసుపు మీద రెండు అరచేతులకీ తుప్పు అంటుకుని ఉంది.